కమానుకు రంగు సరే, ట్రంకుపెట్టె సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ వారసత్వం అనగానే కమానులూ గుమ్మటాలే లెక్కకొస్తాయి. బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల బస్తీలకు ఆ లెక్క చాలదు. బార్కస్ బస్తీ పేరు సిపాయిల బ్యారక్స్ నుంచి వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల వారసులు అక్కడున్నారు. ఏసీ గార్డ్స్ బస్తీ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ల గుర్రపు దళం, ఎయిర్ కండిషనర్ కాదు లెండి! 1948 తర్వాత ఆ దళాలు పోయాయి. నియామక పత్రాలు, పెన్షన్ కాగితాలు, యూనిఫారంలో తాతల ఫొటోలు ఉన్నాయంటే ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లోనే.

అవి పాడయ్యేది ఎక్కువగా జాగ్రత్త వల్లే. చిరుగుతోందని లామినేషన్ చేయిస్తారు. వేడికి కరిగిన జిగురు కాగితానికి పట్టేస్తుంది, ఇక ఊడదు. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపు మరకై కూర్చుంటుంది. ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే ఫొటో కుంచించుకుపోతుంది. వెనక పెన్సిల్‌తో రాసిన పేరూ, తేదీ ఎవరూ తీయరు.

ఈ రెండు బస్తీల వార్డు ఆఫీసుల్లో నెలకు రెండు ఆదివారాలు ఒక ఫ్లాట్‌బెడ్ స్కానర్, ఉర్దూ చదవగలిగిన ఒక మనిషి ఉంటే చాలు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో), రెండు వైపులా, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా తీయాలి. పోస్టుకార్డంత ఫొటో ఒక వైపుకు 20 ఎంబీ దాకా వస్తుంది. ఒక టెరాబైట్ డిస్కులో అలాంటి వైపులు 40 వేలకు పైగా, అంటే 20 వేలకు పైగా ఫొటోలు పడతాయి. అసలు కాగితం మాత్రం ఆ పూటే ఇంటికి తిరిగి వెళ్లాలి. ‘మ్యూజియం కోసం’ అని తీసుకుంటే రెండో ఇల్లు తలుపు తీయదు.

ఈ బస్తీల వాళ్లు పెళ్లిళ్లలో వాయించే డప్పుల వాద్యం మర్ఫా సంగతి వేరు. తేమకు తోలు వదులవుతుంది, మంట దగ్గర కాచి బిగిస్తారు. ఆడిటోరియంలో నిప్పు పెట్టనివ్వరు కాబట్టి గల్లీలోనే రికార్డు చేయాలి. ఫోన్ మైకు పెద్ద దెబ్బకు తనంతట తానే శబ్దం తగ్గించేస్తుంది, దాంతో చిన్న దెబ్బలు వినబడకుండా పోతాయి. లెవెల్ చేత్తో పెట్టుకునే రికార్డరు కావాలి. ముందు అందరూ కలిసి, తర్వాత ఒక్కొక్కరూ నెమ్మదిగా, చేతులు కనబడేలా వాయించాలి.

స్కాన్ చేసిన ప్రతి నియామక పత్రం మీది నంబరు, దళం పేరు, సంవత్సరం విడిగా టైపు చేసి పెట్టండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలున్నాయి, వాటితో సరిచూసుకోవడానికి ఆ మూడూ ఉంటేనే వీలవుతుంది.

ఇట్లు,
ఇద్దరు పాఠకులు, హైదరాబాద్