మాత్ర అందేసరికే ఆలస్యమవుతోంది

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) మాత్రలు ఇస్తూనే ఉన్నాం. చిక్కంతా ఇచ్చే సమయంలోనే ఉంది.

గర్భం నిలిచిన 28 రోజులకల్లా పిండంలో న్యూరల్ ట్యూబ్, అంటే మెదడూ వెన్నుపామూ తయారయ్యే గొట్టం, మూసుకోవాలి. నెల తప్పి రెండు వారాలయ్యేసరికి ఆ ఘట్టం ముగిసిపోతుంది. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గర్భిణి పేరు రాసుకునేది చాలాసార్లు ఆ తర్వాతే. గొట్టం పైభాగం మూసుకోకపోతే అనెన్సెఫలీ, బిడ్డ దక్కదు. కింది భాగమైతే స్పైనా బైఫిడా: కాళ్లు చచ్చుబడతాయి, మూత్రం మీద అదుపుండదు, తలలో నీరు చేరుతుంది.

గర్భానికి ముందు నుంచి మూడో నెల నిండేదాకా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వాడాలని రక్తహీనత నివారణకు కేంద్రం నడిపే అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లోనే ఉంది. నాలుగో నెలలో మొదలయ్యే ఎర్ర ఐరన్ మాత్ర ఈ పని చేయలేదు. పోషకాలు కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యమూ చాలదు. ప్రమాణం ప్రకారం కిలోలో ఉండే ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములే. రోజుకు అరకిలో తిన్నా 63 దాటదు, గంజి వారిస్తే అందులోనూ కొంత పోతుంది. ఇంతా చేసి ఫోలిక్ యాసిడ్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలోనే ప్రయోగశాలలో తయారుచేసిన మందు.

కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ దరఖాస్తు తహసీల్దారు కార్యాలయానికి రాగానే ఆ పెళ్లికూతురి పేరు ఆశాకు చేరేలా చూడండి, గర్భానికి ముందే మాత్ర అందుతుంది. చెక్కు మంజూరయ్యేదాకా ఆగితే కొన్ని ఇళ్లలో బిడ్డే పుట్టేస్తుంది. మిగతా కొత్త జంటలు ఆరోగ్య సిబ్బంది రాసే అర్హ దంపతుల (పిల్లలు పుట్టే వయసు జంటల) రిజిస్టరులో దొరుకుతారు. ఇంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్లకూ, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్లకూ 400 మైక్రోగ్రాములు చాలవు. వాళ్లను గర్భానికి ముందే డాక్టరుకు చూపించి ఎక్కువ మోతాదు మాత్ర రాయించాలి. మూర్ఛ మందు మాత్రం సొంతంగా ఆపకూడదు.

విటమిన్ బి12 సంగతి ఇంకా అన్యాయం, దాన్ని పట్టించుకునేవారే తక్కువ. పాలు, గుడ్లు, చేపలు, మాంసం బాగా తక్కువగా తినే తల్లి పాలలోనూ అది తక్కువే. ఆ పాలే తాగే ఆరేడు నెలల బిడ్డ నిలిపిన మెడ మళ్లీ వాల్చేస్తుంది, నవ్వడం మానేస్తుంది. వేళ్ల కణుపులు నల్లబడతాయి, జుట్టు పలచబడి రాగిరంగుకు తిరుగుతుంది, కొందరికి చేతులు వణుకుతాయి. దీన్ని పుట్టు లోపమనుకుని పంపేయకూడదు. బి12 ఇంజెక్షన్ వెంటనే మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే బిడ్డ చురుకవుతుంది, చికిత్స లేకుండా నెలలు గడిస్తే ఎదుగుదలలో వెనుకబాటు మిగిలిపోవచ్చు. బి12 లోపం ఉన్నవారికి రక్తహీనతే కదా అని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే హిమోగ్లోబిన్ పెరిగి అందరికీ ఊరటగా ఉంటుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ప్రతి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) బి12 ఇంజెక్షన్లు నిల్వ ఉండాలి.

పెద్దవాళ్ల విషయంలో అడిగేది ఒక్కటే. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంటికి బి12 పట్టడం తగ్గుతుంది. ఆ లోపంతో వచ్చే మతిమరుపును వయసు మీదికీ, అరికాళ్ల తిమ్మిర్లను షుగర్ మీదికీ నెట్టేస్తున్నారు. బీపీ, షుగర్ లాంటి జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్కుల్లో మెట్‌ఫార్మిన్ వాడేవారికి ఏడాదికోసారి బి12 పరీక్ష రాయమని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
పిల్లల వైద్యం, పోషకాహార రంగాల్లో పనిచేస్తున్నవాళ్లం