మా ట్యాలీ యాడ్-ఆన్‌ల గురించి మీకు చెప్పాల్సినవి

ట్యాలీ, అంటే షాపు లెక్కలు, బిల్లుల సాఫ్ట్‌వేర్‌కి, మా దగ్గర యాడ్-ఆన్‌లు (అదనపు భాగాలు) వేయించుకున్న షాపుల వాళ్లందరికీ నమస్కారం.

2025 సెప్టెంబరు 22, సోమవారం, దసరా నవరాత్రుల మొదటి రోజు. ఉదయం పదిన్నరకి విశాఖ గాజువాక ఆటోనగర్ నుంచి ఒక స్పేర్ పార్ట్స్ షాపాయన ఫోన్ చేశారు. "బిల్లు మీద సీజీఎస్టీ 14, ఎస్జీఎస్టీ 14 అని పడుతోందండి. డబ్బులు మాత్రం 9, 9 లెక్కనే వస్తున్నాయి. ఈ బిల్లు నాకొద్దని లారీ ఓనరు కదలడం లేదు" అన్నారు. 28 శాతంలో ఉన్న ఆటో పార్ట్స్ మీద జీఎస్టీ ఆ రోజు నుంచే 18 అయింది, అంటే కేంద్రం వాటా (సీజీఎస్టీ) 9, రాష్ట్రం వాటా (ఎస్జీఎస్టీ) 9. ట్యాలీలో రేటు ఆయన సరిగ్గానే మార్చుకున్నారు. తప్పు మేం వేసిన బిల్లు ప్రింటు యాడ్-ఆన్‌ది. శాతాన్ని లెడ్జర్ నుంచి తీసుకోవాల్సింది పోయి, ఎప్పుడో తొందరలో 14 అని నేరుగా ఫైల్లోనే రాసేశాం.

జీఎస్టీ కౌన్సిల్ ఈ మార్పు చెప్పింది సెప్టెంబరు 3న. మా చేతిలో 19 రోజులున్నాయి. టెస్టు కూడా చేశాం, కానీ ఒడిశా పార్టీకి వేసే బిల్లుతో చేశాం. వేరే రాష్ట్రం బిల్లులో రెండు వాటాలకి బదులు ఐజీఎస్టీ అని ఒక్క లైనే ఉంటుంది, అది 18 అనే చూపించింది. అంతా బాగానే ఉందనుకున్నాం. లోకల్ బిల్లు ఒక్కటి తీసి చూసినా ఆ పొరపాటు మా ఆఫీసులోనే దొరికేది.

ఆ తర్వాత జరిగింది నన్ను ఇంకా బాధపెట్టింది. మా ఆఫీసు కుర్రాడు "మీ ట్యాలీ పార్టనర్‌ని అడగండి" అన్నాడు. ట్యాలీ అమ్మిన ఆ పార్టనర్ "యాడ్-ఆన్ వేసినవాళ్లనే అడగండి" అన్నారట. మా దగ్గరికి మళ్లీ చేస్తే ఫోను ఎత్తలేదు. పండగ బేరం ఉన్న రోజు షాపాయన సాయంత్రం దాకా చేత్తో బిల్లులు రాసుకున్నారు. కుర్రాణ్ని అనడానికి లేదు, అలా చెప్పడం నేర్పింది మేమే. డాబాగార్డెన్స్ నుంచి ఎన్ఏడీ మీదుగా బండి మీద వెళ్లి నేనే సరిచేశాను. ఆయన ఒక్క గట్టి మాట అనలేదు. "తప్పులు ఎవరికైనా వస్తాయండి, ఫోను ఎత్తండి చాలు" అన్నారు.

యాడ్-ఆన్ అంటే ట్యాలీ లోపలి ఫారాల మీద మేం టీడీఎల్ అనే ట్యాలీ ప్రోగ్రామింగ్ భాషలో రాసి కలిపే అదనపు భాగం. ట్యాలీ కొత్త రిలీజ్ (వెర్షన్)లో లోపలి ఫారం మారితే మాది దానికి అతకదు. పన్ను రేట్లు మారినా చూసుకోవాలి. అంటే అమ్మిన రోజుతో మా పని అయిపోదు. మేం మాత్రం ఒకసారి డబ్బు తీసుకుని, పాతవి చూసుకోకుండా కొత్తవి పెంచుకుంటూ పోయాం. ఉన్నది ముగ్గురం, యాడ్-ఆన్‌లు ఎనిమిది అయ్యాయి.

వాటిలో మూడు మేం రాసినవి కూడా కావు. ఒక డెవలపర్ దగ్గర కొన్నాం. ఆయన ఇచ్చినవి కంపైల్ చేసిన టీసీపీ ఫైళ్లు, లోపల ఏం రాసి ఉందో మాకు కనపడదు. ఆయన ఈ పని మానేశారు. మేం బాగుచేయలేని వాటిని మా పేరు మీద మీకు అమ్మాం. అలా చేసి ఉండకూడదు, క్షమించండి. ఆ మూడింటిలో ఏది తీసుకున్నా మీ డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాం. రసీదు వెతుక్కోనక్కర్లేదు, మా లెక్కల్లో మీ పేరుంది.

పాత బిల్లు నంబర్లన్నీ ఒకేసారి మార్చే యాడ్-ఆన్ మాత్రం మేం రాసిందే, బాగానే పనిచేస్తుంది. అయినా ఆపేస్తున్నాం. జీఎస్టీఆర్-1 (అమ్మకాల బిల్లుల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను) వేసేశాక నంబర్లు మారిస్తే రిటర్నులో ఒకటి, మీ పుస్తకాల్లో ఒకటి ఉంటుంది. కొన్నవాళ్ల చేతిలో ఉన్న బిల్లు నంబరు మీ దగ్గర దొరకదు. పూర్ణామార్కెట్‌లో ఒక హోల్‌సేల్ షాపు ఆడిటర్ గారు ఈ సంగతి నిలదీసి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇక మిగిలేవి బిల్లు ప్రింటు, బార్‌కోడ్, కురుపాం మార్కెట్ బంగారం షాపుల కోసం రాసిన తూకం–తరుగు లెక్క, లారీల ట్రిప్ షీటు. వీటికి ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 1,500 రూపాయలు తీసుకుంటాం. ఇది కొత్త భారమే, కాదనను. రిలీజ్ వచ్చిన ప్రతిసారీ నాలుగూ టెస్టు చేయడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెడుతున్నాం, ఆ ఖర్చు ఇక్కడి నుంచే రావాలి. కట్టకపోయినా మీ యాడ్-ఆన్ ఆగదు, అందులో తాళాలేం పెట్టను. అడిగినవాళ్లకి టీడీఎల్ ఫైలు తెరిచి ఉన్నదే ఇస్తాను, రేపు మేం లేకపోయినా ఇంకొకరు సరిచేయగలగాలి కదా.

బిల్లు తేడాగా వస్తే టెన్షన్ పడకండి. ఎఫ్1 నొక్కి టీడీఎల్, యాడ్-ఆన్ అన్న చోటికి వెళ్లి మా ఫైలు ఆపి, అదే బిల్లు మామూలు ఫార్మాట్‌లో తీసి చూడండి. సరిగ్గా వస్తే తప్పు మాదే. తేలకపోయినా ముందు మాకే ఫోన్ చేయండి, పార్టనర్‌తో మేమే మాట్లాడతాం. ట్యాలీ అప్‌డేట్ చేసే ముందు ఆల్ట్+వై నొక్కి బ్యాకప్ తీసుకుని, మా మెసేజ్ వచ్చేదాకా ఆగండి.

ఫోను ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా ఎత్తుతాం. నెలనెలా జీఎస్టీఆర్-1 వేసేవాళ్లకి గడువు 11వ తేదీ కాబట్టి 9, 10, 11 తేదీల్లో ఆదివారం వచ్చినా ఆఫీసు తీసే ఉంటుంది. ఆటోనగర్ షాపులకి ప్రతి గురువారం నేనే వస్తాను, లోకల్ బిల్లు ఒకటి, ఒడిశా బిల్లు ఒకటి తీసి ఉంచండి.