ప్రింట్ బటన్ పెట్టగానే సరిపోదు

సంపాదకులకు,

వెబ్‌సైట్‌లో రసీదునో దరఖాస్తునో ప్రింట్ తీస్తే కాగితం నిండా మెనూలు వస్తాయి, అసలు పట్టిక మధ్యలో తెగిపోతుంది. చాలామంది ప్రింటర్ని తిట్టుకుంటారు. తప్పు పేజీ రాసిన వాళ్లది.

అన్నిటికన్నా చెడ్డ అలవాటు ఒకటుంది. కావలసిన భాగాన్ని మాత్రం ప్రింట్ చేయడానికి బాడీ ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ (పేజీలో కనిపించేదంతా రాసిన కోడ్) మొత్తాన్ని ఆ భాగంతో మార్చి, ప్రింట్ మొదలుపెట్టే విండో డాట్ ప్రింట్ ఆదేశాన్ని పిలిచి, తర్వాత పాతది తిరిగి పెట్టేస్తారు. కాగితం బాగానే వస్తుంది. కానీ తిరిగి వచ్చినవి కొత్త ఎలిమెంట్లు, అంటే పేజీ భాగాలు. వాటికి తగిలించిన ఈవెంట్ లిజనర్లు (క్లిక్ వంటి చర్యకు స్పందించే కోడ్) పోయి బటన్లు పలకవు, ఫారంలో టైప్ చేసిన అక్షరాలు హెచ్‌టీఎంఎల్‌లో ఉండవు కనుక గడులు ఖాళీ అవుతాయి. ఈ పనికి అసలు పేజీని నడిపించే జావాస్క్రిప్టే అక్కర్లేదు. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో, ప్రింట్‌కు మాత్రమే వర్తించే ‘ఎట్ మీడియా ప్రింట్’ కింద మెనూ, ప్రకటన, బటన్లకు డిస్‌ప్లే నన్ (చోటుతో సహా తీసేయి) ఇస్తే చాలు. విజిబిలిటీ హిడెన్ వాడితే వస్తువు కనబడదు గాని దాని చోటు అలాగే ఉంటుంది, తెల్ల కాగితాలు బయటికొస్తాయి.

పొజిషన్ ఫిక్స్‌డ్‌తో తెర మీద కదలకుండా నిలిపిన పైపట్టీ ప్రతి పేజీలోనూ అచ్చయి కింది వరుసలను కప్పేస్తుంది. దాన్ని దాచండి, లేదా స్టాటిక్ (మామూలు వరుసలో ఉండేలా) చేయండి. ఎత్తు బిగించి ఓవర్‌ఫ్లో ఆటో (మిగిలింది స్క్రోల్ చేసి చూసేలా) పెట్టిన పెట్టెలో తెర మీద కనిపించినంతే ప్రింటవుతుంది, ఎందుకంటే కాగితాన్ని స్క్రోల్ చేయలేం కదా. ప్రింట్‌లో ఎత్తు ఆటో, ఓవర్‌ఫ్లో విజిబుల్ అని రాయాలి.

వెడల్పు దగ్గర అనుభవజ్ఞులూ పొరబడతారు. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. అంగుళానికి 96 చొప్పున సుమారు 794 పిక్సెళ్లు. రెండు వైపులా 15 మిల్లీమీటర్ల మార్జిన్ పోతే మిగిలేది 680. కాబట్టి 992 పిక్సెళ్ల లోపు తెరలకని రాసిన నియమాలు కాగితానికీ వర్తించి, పక్కపక్కన ఉండాల్సిన గడులు ఒకదాని కింద ఒకటి చేరతాయి. ఆ మీడియా క్వెరీల (వెడల్పు షరతుల) ముందు ‘స్క్రీన్ అండ్’ చేరిస్తే అవి తెరకే పరిమితమై సమస్య తీరిపోతుంది.

పట్టిక వరుసకు బ్రేక్ ఇన్‌సైడ్ అవాయిడ్ (మధ్యలో తెగనీయకు) ఇవ్వండి. శీర్షిక వరుస టీహెడ్‌లో, అంటే పట్టిక తలభాగానికి ఉన్న ట్యాగ్‌లో, ఉంటే బ్రౌజర్లు దాన్ని ప్రతి పేజీ పైనా తామే వేస్తాయి. డివ్‌లతో (మామూలు పెట్టెలతో) అల్లిన పట్టికకు ఆ భాగ్యం లేదు. నేపథ్య రంగులు మామూలుగా ప్రింట్ కావు, అందుకే పాస్, ఫెయిల్ తేడాను రంగుతోనే చూపించే పట్టిక కాగితం మీద మూగబోతుంది. మాటలోనూ రాయడం మేలు. రంగు తప్పనిసరైతే ప్రింట్ కలర్ అడ్జస్ట్ ఎగ్జాక్ట్ (రంగులు ఉన్నవి ఉన్నట్టే ఉంచు) అని, పాత బ్రౌజర్ల కోసం దాని ముందు వెబ్‌కిట్ అనే మాట చేర్చిన రూపం కూడా రాయండి.

జావాస్క్రిప్ట్ పని సీఎస్‌ఎస్‌కు చేతకాని చోటే. మూసి ఉన్న డీటెయిల్స్ ఎలిమెంట్లను (నొక్కితే తెరుచుకునే భాగాలను) ప్రింట్‌కు ముందు బ్రౌజర్ పంపే బిఫోర్‌ప్రింట్ ఈవెంట్‌లో తెరిచి, ఏవి తెరిచామో గుర్తుంచుకుని ప్రింట్ తర్వాత వచ్చే ఆఫ్టర్‌ప్రింట్‌లో మూయాలి. ఈ కోడ్‌ను ప్రింట్ బటన్ క్లిక్‌లో పెడితే కంట్రోల్ పి నొక్కిన వాళ్లకు అది నడవదు. బిఫోర్‌ప్రింట్‌లో సర్వర్ నుంచి డేటా తెప్పించాలని చూడకండి, ప్రింట్ దాని కోసం ఆగదు. అప్పటికప్పుడు బొమ్మలు చేర్చే పేజీ అయితే ముందు వాటి డీకోడ్ (బొమ్మ చూపడానికి సిద్ధమవడం), డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ (అక్షర రూపాలు లోడవడం) పూర్తయ్యాకే విండో డాట్ ప్రింట్ పిలవాలి. లేకపోతే ఖాళీ చట్రాలే అచ్చవుతాయి. మరొకటి, వినియోగదారు క్యాన్సిల్ నొక్కినా ఆఫ్టర్‌ప్రింట్ వస్తుంది. దాన్ని నమ్మి డేటాబేస్‌లో ‘ప్రింట్ అయింది’ అని రాసుకోకూడదు.

డెవలపర్ టూల్స్‌లో ప్రింట్ మీడియాను అనుకరిస్తే స్టైల్ కనిపిస్తుంది గాని పేజీ ఎక్కడ తెగుతుందో తెలియదు. అది ప్రివ్యూలోనే చూడాలి, క్రోమ్‌లో ఒకసారి, ఫైర్‌ఫాక్స్‌లో ఒకసారి, కనీసం మూడు పేజీలు పట్టే డేటాతో.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్