అరుణా మిల్లర్ గారి పాఠానికి తోడ్పడిన వారికి కృతజ్ఞతలు

మా డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం చదివే పిల్లల కోసం, అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్ర శాసనసభలో పనిచేసిన అరుణా మిల్లర్ గారిపై రాస్తున్న పాఠం నిన్నటితో పూర్తయింది. ఇది నా ఒక్కడి వల్ల అయిన పని కాదు కనుక, సాయపడిన వారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మం.

ముందుగా మేరీల్యాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) స్థిరపడిన మా పెద్దమ్మ కూతురికి. నా తొలి ప్రతిలో అరుణ గారిని ‘ఎమ్మెల్యే’ అని రాశాను. అక్క దాన్ని అచ్చు తీసుకుని, మొదటి పేజీలో ఆ మాట కనిపించిన ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్న చుట్టి, ఫొటో తీసి పంపింది. అక్కడి దిగువ సభ సభ్యులను డెలిగేట్లు అంటారనీ, ఒక్కో నియోజకవర్గం నుంచి సాధారణంగా ముగ్గురు డెలిగేట్లు, ఎగువ సభకు ఒక సెనేటరు ఎన్నికవుతారనీ, 141 మంది డెలిగేట్లు ఉన్న ఆ సభ సమావేశాలు ఏటా జనవరిలో మొదలై 90 రోజుల్లో ముగుస్తాయనీ మూడు ఆదివారాలు ఫోనులో ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఆ 90 రోజుల లెక్క తెలిశాకే అరుణ గారి దారి నాకు బోధపడింది. 2010లో 15వ నియోజకవర్గం నుంచి గెలిచాక కూడా ఆమె కౌంటీ రవాణా శాఖలో సివిల్ ఇంజనీరు ఉద్యోగం చేస్తూనే ఉన్నారు. 2015లో గానీ పదవీ విరమణ చేయలేదు. సభ్యత్వం వచ్చిందంటే ఉన్న ఉద్యోగం పోయినట్లేనని అనుకునే మన పిల్లలకు ఈ ఒక్క సంగతి మీదే ఒక తరగతంతా చెప్పవచ్చు.

మా విశ్రాంత అధ్యాపకులు, నాకు గురుతుల్యులైన మాస్టారికి నమస్కారాలు. 2018లో ఆమె అమెరికా ప్రతినిధుల సభకు వెళ్లాలని డెమొక్రటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో) నిలబడి, డేవిడ్ ట్రోన్ తర్వాత రెండో స్థానంలో ఆగిపోయారు. ఆ పోటీ కోసం డెలిగేటు స్థానాన్ని వదులుకున్నారు కాబట్టి, 2019 జనవరితో ఆ సభ్యత్వమూ ముగిసింది. నేను దీన్ని ఒక్క వాక్యంలో దాటేసి 2022లో లెఫ్టినెంట్ గవర్నరుగా (అక్కడ గవర్నరు తర్వాతి స్థానం, ఎన్నికతో వచ్చే పదవి) ఆమె గెలుపు దగ్గరకు వెళ్లిపోతే, మాస్టారు ఒప్పుకోలేదు. చేతిలో ఉన్నదాన్ని వదులుకుని ఓడిపోయిన మనిషి, నాలుగేళ్ల తర్వాత మళ్లీ ప్రజల ముందుకు వచ్చిన తీరును రాయకపోతే పాఠం అసంపూర్ణమని పట్టుబట్టి, ఆ భాగాన్ని నా చేత రెండుసార్లు తిరగరాయించారు. వారి మాట నూటికి నూరు పాళ్లు నిజమని ఇప్పుడు తెలుస్తోంది.

ద్వితీయ సంవత్సరం విద్యార్థినులు ఇద్దరు కాలక్రమ పట్టికను తయారు చేశారు. 1964లో హైదరాబాదులో పుట్టి ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లిన ఆమెకు 2000లో పౌరసత్వం రావడం, ఆ పదేళ్లకే శాసనసభకు ఎన్నిక కావడం పక్కపక్క గడుల్లో పెట్టి చూపించింది వారే. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల గారు 2002లోనే న్యూజెర్సీ అసెంబ్లీలో అడుగుపెట్టారని గుర్తుచేసి, ఆ పేరు చేర్పించిందీ వారే. ఇద్దరికీ ఆశీస్సులు.

2023 జనవరి 18న మేరీల్యాండ్ రాజధాని అన్నాపోలిస్‌లో భగవద్గీతపై చేయి ఉంచి లెఫ్టినెంట్ గవర్నరుగా ఆమె ప్రమాణం చేసిన ఘట్టంతో పాఠం ముగుస్తుంది. సోమవారం నుంచి తరగతిలో చెబుతున్నాను. మొదటి ప్రతి అక్కకు పోస్టులో పంపాను; అందులో ‘డెలిగేట్’ అన్న మాట ఎక్కడా తప్పిపోలేదు.