బోర్డు మారితే విండోస్ ఏమవుతుందో బిల్లులో రాయాలి

సంపాదకులకు,

ఆర్యా,

కంప్యూటర్‌లో మదర్‌బోర్డు (లోపలి భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు) కాలిపోయి కొత్తది వేయించుకున్నవారిలో చాలామందికి, పాత బోర్డుతో పాటు తాము డబ్బు పెట్టి కొనుక్కున్న విండోస్ కూడా పోయిందన్న సంగతి తెలియదు. రిపేరు చేసినవారు చెప్పరు, బిల్లులో ఆ మాట ఉండదు. ఇది నా విషయంలో ఎలా జరిగిందో చెప్పి, దుకాణదారులనూ అధికారులనూ ఒక చిన్న మార్పు కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

తెనాలిలో చాలా ఏళ్లుగా డీటీపీ, జిరాక్స్ కేంద్రం నడుపుతున్నాను. 2019లో ఒక పేరున్న కంపెనీ డెస్క్‌టాప్ కొన్నాను. అందులో విండోస్ 10 హోమ్ కంపెనీవారే వేసి ఇచ్చారు, దాని ధర కూడా కంప్యూటర్ ధరలోనే కలిసి ఉంది. మొన్నటి వానాకాలంలో ఒక రాత్రి దగ్గర్లో పిడుగు పడింది. తెల్లారి స్విచ్ వేస్తే ఫ్యాను కూడా తిరగలేదు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఆ మోడల్ బోర్డు ఇప్పుడు దొరకదని మెకానిక్ చెప్పి, దానికి సరిపోయే వేరే కంపెనీ బోర్డు బిగించి, పనిలో పనిగా పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేసి, తన పెన్‌డ్రైవ్‌తో విండోస్ మళ్లీ ఎక్కించి సాయంత్రానికల్లా ఇచ్చేశాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. దుకాణానికి తెచ్చి ఇంటర్నెట్ తగిలించిన కాసేపటికి, తెర కింద కుడి మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని బూడిద రంగు అక్షరాలు తేలాయి.

ఆ వారం ఒక శుభలేఖ ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెళ్లికూతురి తండ్రి, ముహూర్తం, కల్యాణ వేదిక అన్నీ వేలితో చూపిస్తూ చదివి, చివరికి ఆ మూల దగ్గర ఆగి, “ఇది కూడా కార్డు మీద పడుతుందా బాబూ?” అని అడిగారు. పడదని చెప్పాను గానీ, ఆయన మొహంలో నమ్మకం కనిపించలేదు. ఆ అక్షరాల వల్ల పని ఆగదు. వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు, అంతే. కానీ తెర కొనుగోలుదారు వైపు తిప్పి చూపించే వ్యాపారంలో అది దొంగ సరుకు ముద్రలా ఉంటుంది.

సెట్టింగ్స్‌లో చూస్తే 0ఎక్స్‌సీ004ఎఫ్213 అనే ఎర్రర్ కనిపించింది. ఈ యంత్రంలో ప్రొడక్ట్ కీ, అంటే విండోస్ కొన్నదేనని చూపించే రహస్య సంకేతం, ఏదీ దొరకలేదని దాని అర్థం. విండోస్ 7 రోజుల్లో ఈ కీ కేబినెట్ పక్కన అతికించిన స్టిక్కరు మీద ఉండేది. ఐదేసి అక్షరాల చొప్పున ఐదు గుంపులు, మొత్తం 25. తడిగుడ్డతో తుడిచి తుడిచి సగం అక్షరాలు చెరిగిపోయేవన్నది నిజమే, అయినా అది ఉందో లేదో కంటికి తెలిసేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంప్యూటర్ తయారీదారులు ఆ కీని మదర్‌బోర్డు మీది, కంప్యూటర్‌ను మొదలుపెట్టే బయోస్ చిప్‌లోనే రాసి పంపుతున్నారు. అదే బోర్డు మీద ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా విండోస్ తనంతట తాను కీని చదువుకుని యాక్టివేట్ అవుతుంది కాబట్టి, అలాంటిది ఒకటి ఉందన్న సంగతే మనం మరచిపోయాం. బోర్డు తుక్కులోకి వెళ్లిన రోజున కీ కూడా తుక్కులోకి వెళ్తుంది.

ఇందులో విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ నియమం ఏమిటో తెలుసుకున్నాక ఆ కంపెనీ మీద నాకు పెద్దగా కోపం లేదు. కంప్యూటర్‌తో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సు ఆ ఒక్క యంత్రానికే కట్టుబడి ఉంటుంది. పాడైన బోర్డు స్థానంలో అదే తయారీదారు ఇచ్చే అదే రకం బోర్డు గానీ, వారు దానికి సమానమని చెప్పే బోర్డు గానీ వేస్తే లైసెన్సు నిలుస్తుంది. నాకు జరిగినట్లు వేరే కంపెనీ బోర్డు వేస్తే, కేబినెట్ పాతదైనా లెక్కలో అది కొత్త కంప్యూటరే. విడిగా కొనుక్కునే రిటైల్ లైసెన్సు వేరు. పాత యంత్రంలో తీసేసి కొత్తదానిలో వేసుకోవచ్చు. ఈ తేడాకు తగ్గట్టే ధరలోనూ తేడా ఉంది. నా అభ్యంతరమల్లా, ఇదంతా బోర్డు మార్చకముందు నాతో ఎవరూ అనలేదన్నదే.

ముందే తెలిసి ఉంటే దారి ఉండేదా అంటే, కొంత ఉండేది. విండోస్ 10లో 2016 నాటి అప్‌డేట్ నుంచి లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించుకోవచ్చు. అలా జోడించి ఉంటే, భాగాలు మార్చాక సెట్టింగ్స్‌లో ఇబ్బందులు సరిచేసే ట్రబుల్‌షూటర్‌లో ‘ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను’ అన్న ఎంపిక నొక్కి, పాత యంత్రాన్ని పేరుతో గుర్తించి మళ్లీ యాక్టివేషన్ కోరవచ్చు. ఓఈఎం లైసెన్సుకు ఇది ఫలిస్తుందన్న భరోసా లేదు, రిటైల్‌కు మాత్రం చాలా అక్కరకు వస్తుంది. అయితే ఆ జోడింపు బోర్డు పోకముందే జరిగి ఉండాలి. నా కంప్యూటర్‌లో మొదటి నుంచీ ఆ ఒక్క యంత్రానికే పరిమితమైన లోకల్ ఖాతాయే ఉంది. పైగా మెకానిక్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది హోమ్ కాదు, విండోస్‌లో ప్రో అనే వేరే ఎడిషన్. అందరికీ అదే వేస్తాడు. హోమ్ లైసెన్సుతో ప్రో యాక్టివేట్ కాదు. అంటే, మిగిలిన ఆ సందు కూడా తెలియకుండానే మూసేశాం.

మళ్లీ మెకానిక్‌కు ఫోన్ చేస్తే, “అన్నా, ఐదు నిమిషాల పని, పర్మనెంటు చేసిచ్చేస్తా” అన్నాడు. వచ్చి, మొదట యాంటీవైరస్ ఆపేశాడు. తర్వాత ఏదో చిన్న ఫైలు నడిపాడు. మూలన అక్షరాలు పోయాయి. అతను వెళ్లాక కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ ఎక్స్‌పీఆర్’ అని కొట్టి చూశాను. నిజంగా శాశ్వతమైతే ఆ మాటే రావాలి. నాకు సరిగ్గా 180 రోజుల తర్వాతి తేదీ ఒకటి వచ్చింది. పెద్ద పెద్ద సంస్థలు తమ సొంత సర్వర్‌తో వందల కంప్యూటర్లను యాక్టివేట్ చేసుకునే కేఎంఎస్ పద్ధతికి ఉండే గడువు అది. నా దుకాణంలో అలాంటి సర్వర్ లేదు. ఉన్నట్టు విండోస్‌ను నమ్మించే క్రాక్ ఒకటి లోపల కూర్చుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, పట్టాదారు పాసుపుస్తకాలు స్కానింగ్‌కు ఇస్తారు. యాంటీవైరస్ ఆపితే తప్ప లోపలికి రాని ఫైలు, ఎవరు రాశారో తెలియని ఫైలు, ఆ కాగితాలున్న యంత్రంలోనే తిరుగుతోంది. ఇది నా ఒక్కడి నష్టంతో పోయేది కాదు. చట్టం సంగతికొస్తే, కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడేవారికి కనీసం 7 రోజుల జైలు, 50,000 రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. అంటే దోషి స్థానంలో ముందు నిలబడేది అసలు విండోస్‌ను డబ్బిచ్చి కొని, పిడుగుకు పోగొట్టుకున్నవాడే. మర్నాడే ఆ ఎస్ఎస్‌డీని పూర్తిగా తుడిచి, రిటైల్ లైసెన్సు కొని, దానికి తగిన ఎడిషన్ ఎక్కించుకున్నాను. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకే కీలు అమ్ముతున్నారని స్నేహితులు చెప్పారు. అవి చాలావరకు సంస్థల కోసం ఇచ్చిన కీలు చేతులు మారినవేనని, ఎప్పుడైనా మైక్రోసాఫ్ట్ నిలిపివేయవచ్చని తెలిసి వాటి జోలికి పోలేదు. బోర్డుకు పెట్టిన దానికంటే విండోస్‌కే ఎక్కువైంది.

ఈ ఇబ్బంది ఇకముందు ఇంకా పెరిగేదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు మామూలుగా రావడం ఆగింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్‌లో అయితే 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. మొత్తం కంప్యూటర్ కొనలేని మా బోటి చిన్న దుకాణాలవాళ్లు, కోచింగ్ సెంటర్లవాళ్లు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మాత్రం మార్పించుకుంటున్నారు. బోర్డు పోయి కాదు, కావాలనే మార్చుకుంటున్న ఇలాంటివారికి పాత ఓఈఎం లైసెన్సు మీద ఏ ఆశా ఉండదు. ల్యాప్‌టాప్‌ల విషయంలో మరో చిక్కుంది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (తాళం లేకుండా చదవలేని విధంగా డేటాను దాచడం) ఉన్నవాటిలో బోర్డు మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది దగ్గర లేకపోతే లోపలి ఫొటోలు, ఫైళ్లు ఉండి కూడా అందవు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మనకు తీసుకునే వస్తువు, సేవల గురించి సమాచారం పొందే హక్కు ఇచ్చింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో ‘రైట్ టు రిపేర్’ (రిపేరు హక్కు) పోర్టల్‌ను కూడా ప్రారంభించింది. వీటి స్ఫూర్తితోనే నేను కోరేది ఇది: మదర్‌బోర్డు మార్చే ప్రతి రిపేరులోనూ, పని మొదలుపెట్టకముందే జాబ్ షీటు మీద పాత లైసెన్సు ఓఈఎమ్మా, రిటైలా, ఏ ఎడిషన్, ఖాతాకు జోడించి ఉందా అన్నవి రాసి వినియోగదారు సంతకం తీసుకోవాలి. కంప్యూటర్ చచ్చిపోకుండా వచ్చిన రోజున ‘ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ డీఎల్ఐ’ అన్న ఒక్క కమాండ్‌తో లైసెన్సు ఏ రకమో తెలుస్తుంది. చచ్చి వచ్చిన రోజున, కంపెనీ వేసిచ్చిన విండోసా, విడిగా కొన్నదా అని ఒక్క మాట అడిగితే చాలు. రిపేరు అయ్యాక ఎక్కించిన విండోస్ ఏ లైసెన్సుతో యాక్టివేట్ అయిందో బిల్లులో ఒక వరుస ఉండాలి. ఆ వరుస ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందని అడిగే వీలైనా వినియోగదారుకు ఉంటుంది. మా జిల్లా పౌరసరఫరాల, తూనికలు కొలతల అధికారులు వినియోగదారుల సమావేశాలు పెట్టినప్పుడు గ్యాస్ సిలిండర్లు, పెట్రోల్ బంకులతో పాటు ఈ విషయాన్నీ ఒకసారి కంప్యూటర్ దుకాణదారుల ముందు ఉంచవలసిందిగా మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ కేంద్రం నిర్వాహకుడు,
తెనాలి.