ముందు కోపాన్ని రాయి, తల్లీ

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము. మీ అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది.

నువ్వు మొన్న అడిగిన దానికి ఫోనులో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. నాయనమ్మ గుర్తొస్తే ఏడుపు రావడం లేదనీ, కోపమే వస్తోందనీ, దీపం పెట్టి కళ్లు మూసుకుంటే అది మరింత పెరుగుతోందనీ చెప్పావు. ఆవిడ పరిస్థితి విషమించిన సంగతి బాబాయి నీకు ఒక రోజు ఆలస్యంగా చెప్పాడన్న కోపం, సెలవు అడిగితే ఆఫీసులో సాగదీశారన్న కోపం, చివరి తులసి నీళ్లు అక్క పోసిందన్న మాట వినగానే అక్క మీద పుట్టిన అసూయ, తోడబుట్టిన దాని మీద అసూయపడ్డానన్న సిగ్గు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. ఇలాంటి మనసుతో పూజ చేయడం పాపమా అని అడిగావు. కాదు. అయితే ఆ మనసును పక్కకు నెట్టి పూజ చేయాలని చూడడం వల్ల ప్రయోజనం లేదు. అందుకే ఒక నోటుపుస్తకం తీసుకుని ఇదంతా రాయమంటున్నాను. ఎలా రాయాలో నాకు తెలిసినంత చెబుతాను.

పెద్దకర్మకు వచ్చిన వాళ్లందరూ నీతో దాదాపు ఒకే మాట అన్నారు. పుణ్యాత్మురాలు, ఎవరి చేతా చేయించుకోకుండా అనాయాసంగా వెళ్లిపోయింది, నువ్వు బాధపడకూడదు అన్నారు. వాళ్లు మంచి మనసుతోనే అన్నారు, ఆ మాటలో నిజమూ ఉంది. కానీ నీ దుఃఖం ఇంకా నోరు తెరవకముందే ఆ మాట వచ్చి దాని మీద మూత పెట్టింది. నీ పుస్తకంలో మొదటి రోజుల్లో అలాంటి మాట ఒక్కటి కూడా రాయవద్దు. అంతా ప్రారబ్ధమని రాయకు, బాబాయిని క్షమించానని రాయకు. క్షమించని మనిషి క్షమించానని రాస్తే అది కాగితం మీద ఆడిన అబద్ధమే, పైగా అది దేవుడి పేరు మీద ఆడిన అబద్ధం.

భక్తుడంటే కోపం లేనివాడని ఎవరు చెప్పినా నమ్మకు. మన భద్రాచల రామదాసును చూడు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న తానీషా కొలువులో తహశీల్దారుగా ఉంటూ, వసూలు చేసిన సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, గోల్కొండ కోటలో ఖైదీ అయ్యాడు. ఆ చెరసాల ఇప్పటికీ ఉంది, నీ చిన్నప్పుడు మనం లోపలికి వెళ్లి చూశాము. అక్కడ పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకుంటారు. ఆ బాధలో అతడు పాడిన ఒక కీర్తనలో వినయం కన్నా కోపమే ఎక్కువ. భరతుడికి పచ్చల పతకం చేయించాను, దానికి ఇంత పట్టింది, సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, దానికి ఇంత పట్టింది అని వరహాల లెక్కలతో సహా నిలదీశాడు. ఇదంతా నీ తండ్రి దశరథుడు పెట్టాడా, నీ మామ జనకుడు పంపాడా అని అడిగాడు, ఎవరి సొమ్మని ఇంత కులుకుతున్నావని సూటిగా తిట్టాడు. మూడు వందల ఏళ్లుగా ఆ తిట్టును మనం భజనల్లో తాళం వేసుకుంటూ పాడుకుంటున్నాము.

ఆ కీర్తన చివరికొచ్చేసరికి ఏముందో గుర్తు చేసుకో. తిట్టానని నొచ్చుకోకు రామా, ఈ దెబ్బలు ఓర్వలేక తిట్టాను అంటాడు. కోపం అడుగున ఉన్నది ఒంటి నొప్పి అని తనే చెప్పుకున్నాడు. కానీ ఆ మాటను మొదటి చరణంలో చెప్పలేదు. పతకాల లెక్కలన్నీ చెప్పాకనే, తిట్టవలసినంతా తిట్టాకనే అడుగున ఉన్న నొప్పి బయటికొచ్చింది. ఆ తిట్టంతా మింగేసి ఉంటే ఆ చరణం అతడికి దొరికేది కాదని నా నమ్మకం.

నువ్వూ అలాగే లెక్కలతో రాయి. బాబాయి ఎప్పుడూ ఇంతే, నన్నెవరూ పట్టించుకోరు లాంటి వాక్యాలు ఎన్ని రాసినా మనసు తేలికపడదు. ఏ రోజు, ఏ వేళకు ఫోను వచ్చింది, ఆయన అన్న మాటలు అక్షరాలా ఏమిటి, నువ్వు అప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నావు, ఒంట్లో ఏమైంది అన్నవన్నీ రాయి. ఒంటి సంగతి తప్పకుండా రాయాలి. భగవద్గీత మొదటి అధ్యాయానికి పేరే అర్జున విషాద యోగం. అందులో అతడు సిద్ధాంతాల జోలికి వెళ్లకముందు తన శరీరం గురించి చెబుతాడు. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, చర్మం మండుతోంది అంటాడు. కృష్ణుడు అదంతా చెప్పనిచ్చాడు. రెండో అధ్యాయంలో మందలించడం, బోధించడం అన్నీ అతడు చెప్పుకున్న తరువాతనే.

పుస్తకం తెరిచాక ఎడమవైపు పేజీలో మాత్రమే రాయి, కుడివైపు పేజీ ఖాళీగా వదులు. సెల్లులో కాకుండా కలంతో కాగితం మీద రాయి. సెల్లులో రాస్తే చెరిపివేయాలనిపిస్తుంది, ఎవరికైనా పంపాలనీ అనిపిస్తుంది. ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేశాక, భోజనానికి ముందు ఒక పావుగంట చాలు. పడుకోబోయే ముందు మాత్రం వద్దు, నీకు అసలే నిద్ర సరిగా పట్టడం లేదు. అక్షర దోషాలు, వాక్య నిర్మాణం చూసుకోకు. రాసింది ఆ రాత్రే తిరిగి చదవకు.

నువ్వు ప్రయోగాలను నమ్మే మనిషివి కనుక ఒక సంగతి చెబుతాను. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించి, ఆ ఫలితాలను 1986లో ప్రచురించారు. కొందరు మామూలు విషయాలు రాశారు, కొందరు తమ జీవితంలో తగిలిన దెబ్బల గురించి రాశారు. జరిగినదీ దానివల్ల కలిగిన బాధా రెండూ కలిపి రాసినవాళ్లు, ఆ తరువాతి నెలల్లో జబ్బుతో కాలేజీ వైద్యశాలకు వెళ్లడం తగ్గింది. అయితే రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఇది నీకు ముందే తెలిసి ఉండాలి, లేకపోతే రెండో రోజుకే ఇదంతా వ్యర్థమని పుస్తకం మూసేస్తావు. 2006లో 146 అధ్యయనాలను కలిపి లెక్క వేసినప్పుడు ఈ పద్ధతి వల్ల సగటున కలిగే మేలు చిన్నదేనని తేలింది. నేను దీన్ని సర్వరోగ నివారిణి అనడం లేదు. చిన్న మేలైనా ప్రస్తుతం నీకు అవసరమే.

నాలుగైదు రోజులు రాశాక ఒక సెలవు రోజు ఉదయం కూర్చుని ఎడమ పేజీలు చదువు. ఖాళీగా ఉంచిన కుడి పేజీ అప్పుడు పనికొస్తుంది. ఆత్మవిచారం, అంటే తన మనసును తానే తరచి చూసుకోవడం, అన్న మాట నేను వాడేది ఈ రెండో పేజీకే. గీత రెండో అధ్యాయంలో, 62, 63 శ్లోకాల్లో ఒక వరుస చెప్పారు. ఒకదాన్నే తలుస్తూ ఉంటే దాని మీద సంగం, అంటే మనసు అంటుకుపోవడం, పుడుతుంది, సంగం నుంచి కోరిక, కోరిక నుంచి క్రోధం, క్రోధం నుంచి మోహం, దాని నుంచి స్మృతి తప్పడం, దాని నుంచి బుద్ధి నశించడం, చివరికి మనిషే చెడిపోవడం. ఈ శ్లోకాలను కోపం వద్దని చెప్పే హెచ్చరికగానే చాలామంది చదువుతారు. నువ్వు వాటిని వెనక నుంచి ముందుకు చదువు. కోపం ఉన్నదంటే దాని వెనక తీరని కోరిక ఒకటి ఉన్నదని అర్థం. బాబాయి మీద కోపం వెనక ఏ కోరిక ఉంది? ఆవిడ చేయి పట్టుకోవాలన్న కోరికా, నువ్వు వచ్చావని ఆవిడకు తెలియాలన్న కోరికా, అక్కతో సమానంగా నీకూ ఆ పడకగదిలో చోటు ఉండాలన్న కోరికా? ఈ మూడూ ఒకటి కావు. నీది ఏదో నాకు తెలియదు, రాసేదాకా నీకూ తెలియకపోవచ్చు. ఆ కోరిక పేరు తెలిశాక దాని వెనక ఉన్న సంగాన్ని చూడు. ఆరేళ్ల వయసు నుంచి పదో తరగతి దాకా ఆవిడ పక్కలో పడుకున్న పిల్లవి నువ్వు. ఆ బంధంలో సిగ్గుపడవలసింది ఏముంది తల్లీ?

అసూయ విషయంలో ఇది మరీ ముఖ్యం. కామ క్రోధాదుల్లో మాత్సర్యాన్ని చివర చెబుతారు. మనం ఒప్పుకోవడంలో కూడా అది చివరే వస్తుంది. కోపమొచ్చిందని నలుగురిలో చెప్పుకునే మనిషి కూడా అసూయపడ్డానని భార్యతో సైతం అనడు. అక్క గురించి రాయడం కష్టమైతే ఆ పేజీలో నేను అన్న మాట మానేసి, నీ పేరు పెట్టి, వేరొక అమ్మాయి సంగతి రాస్తున్నట్టు రాయి. నువ్వు నీ స్నేహితురాలి మీద చూపే దయ నీ మీద నువ్వు చూపవు, నాకు నీ స్వభావం తెలుసు. పేరు పెట్టి రాస్తే ఆ దయ కాస్త నీకూ అందుతుంది.

నాయనమ్మ రామకోటి రాసేది కదా. గళ్ల పుస్తకాలు బీరువా కింది అరలో అన్నీ అలాగే ఉన్నాయి. ఈ మధ్య ఒకటి తీసి చూశాను. తాతయ్య పోయిన సంవత్సరం నాటిది. కొన్ని పేజీల్లో శ్రీరామ అన్న అక్షరాలు గళ్లు దాటి బయటికి వచ్చాయి, ఒకచోట కలం గట్టిగా నొక్కినందువల్ల వెనక పేజీలోకి గాట్లు దిగాయి. వేలు పెట్టి తడిమితే తెలుస్తాయి. మా అమ్మ ఆ రోజుల్లో మాతో ఒక్క మాటా అనలేదు, కన్నీరు పెట్టగా కూడా నేను చూడలేదు. ఆవిడకు ఆ ఒక్క నామమే దారి, అది ఆవిడను నిలబెట్టింది. కానీ ఆవిడ మాకు చెప్పకుండా దాచుకున్నది ఏమిటో మాకెవరికీ తెలియలేదు, బహుశా ఆవిడకూ పూర్తిగా తెలియలేదేమో. నీకు రెండు దారులూ ఉండాలని నా కోరిక. రాస్తున్నప్పుడు ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తోందనీ, కొత్త సంగతి ఏదీ తేలక మనసు అక్కడక్కడే తిరుగుతోందనీ అనిపిస్తే ఆ రోజుకు ఆపేసి, ఒక పేజీ శ్రీరామ రాసి లే. ఆత్మవిచారం చేయడానికి మనసులో కాస్త బలం ఉండాలి, అది లేని రోజున జపమే మేలు. ఎవరికి ఈ కోపం వచ్చింది, నాకు, ఆ నేనెవరు అని వెనక్కి వెళ్లమని రమణ మహర్షి చెప్పిన దారి చాలా గొప్పది, అయితే దాన్ని ఇప్పుడే పట్టుకోవద్దు. ముందు నీ దుఃఖం నీది అని ఒప్పుకో.

ఇంకొక మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు మూడు వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పుస్తకంతో సరిపెట్టుకోకు. అదే రోజు నాకు ఫోను చెయ్యి, డాక్టరు దగ్గరకు వెళ్లు. మనసు బాగాలేని వాళ్ల కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. కాలు విరిగితే డాక్టరును చూసినట్టే ఇదీ, ఇందులో నామోషీ లేదు.

నీ పుస్తకాన్ని నేను అడగను, మీ అమ్మ కూడా అడగదు. చదివి వినిపించమని కూడా ఎవరమూ అనము. అందులో మా మీద కోపం ఉంటే అదీ రాయి. అక్కతో మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, అయితే ఎడమ పేజీ చేతిలో పట్టుకుని మాట్లాడకు, కుడి పేజీ నిండాక మాట్లాడు. బాబాయి తరఫున నేను వాదించడం లేదు. ఆయన ఎందుకు ఆలస్యం చేశాడో ఆయన నోటితోనే విను, నా ద్వారా వద్దు.

వచ్చే మాసికానికి నువ్వు వస్తావో రావో నీ నిర్ణయానికే వదిలేస్తున్నాను. రాకపోతే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు, భోక్తల ఏర్పాట్లు నేను చూసుకుంటాను. వచ్చేట్టయితే గౌతమి రైలుకు టికెట్టు ఈ వారంలోనే చేయించుకో, తరువాత దొరకడం కష్టం. మేడ మీది గదిలో కిటికీ దగ్గర బల్ల వేయించాను, తలుపుకు లోపలి గడియ కూడా బాగు చేయించాను. పొద్దున్న ఎంతసేపు కూర్చుని రాసుకున్నా కిందికి రమ్మని ఎవరూ పిలవరు.

ఇట్లు,
మీ నాన్న