గోపురం బయటివాళ్లది కూడా

ఎడిటర్ గారికి వందనాలు.

అమెరికాలో మోర్మన్లు, అంటే అక్కడ పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు, కట్టే కొత్త టెంపుల్ ఎత్తు మీద ఊరివాళ్లు గొడవ చేశారని మీ పేపర్లో చిన్న వార్త వచ్చిందండి. అది చదివి మా ఇంట్లోవాళ్లు అక్కడా మత గొడవలేనా అని పేపర్ పక్కన పెట్టేశారు, నాకు మాత్రం అంత తేలిగ్గా వదలబుద్ధి కాలేదు. ఎందుకంటే మా అమ్మాయి వాళ్లు ఉండేది టెక్సాస్‌లో డల్లాస్‌కి పైన మెకిన్నీలో, 2024లో మనవడు పుట్టినప్పుడు ఆరు నెలలు అక్కడే ఉన్నాను, ఆ గొడవ జరిగిన ఫెయిర్‌వ్యూ అనే ఊరు పక్కనే. స్టేసీ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. అంతా ఒకటి రెండంతస్తుల ఇళ్లు, చెట్లు, పైన బోలెడంత ఆకాశం. అక్కడ ముందు అడిగింది సుమారు 174 అడుగుల శిఖరం. మన పాలకొల్లు క్షీరారామం గాలిగోపురం తొమ్మిది అంతస్తులు, 120 అడుగులు అంటారు కదా, దాని మీద ఇంకో ఐదంతస్తుల మేడ పెట్టినంత అన్నమాట.

2024 ఆగస్టులో ఊరి కౌన్సిల్ కుదరదంది. కోర్టుకి వెళ్దామా అనేదాకా వచ్చి చివరికి మధ్యవర్తిని పెట్టుకుని మాట్లాడుకున్నారు, శిఖరం 120 అడుగులకి తగ్గింది, బిల్డింగ్ కూడా 44 వేల చదరపు అడుగుల నుంచి 30 వేలకి దిగింది, 2025 ఏప్రిల్‌లో కౌన్సిల్ సరే అంది. ఆ 120 అన్న అంకె చూడగానే నాకు మా గోపురమే కళ్ల ముందు నిలబడింది. అందుకే ఈ ఉత్తరం.

మోర్మన్ల పక్షాన చెప్పాల్సింది కూడా చెప్పాలి. అదే ఊళ్లో 2006లో మెథడిస్టు చర్చికి 154 అడుగుల గంట గోపురానికి పర్మిషన్ ఇచ్చారు, అది కట్టలేదు గానీ ఇచ్చిన మాట నిజం, వాళ్లకి ఇచ్చి మాకెందుకివ్వరు అని అడగడంలో తప్పేముంది. మత స్థలాల విషయంలో ఊరి కట్టడి రూల్స్ మరీ అడ్డం పడకూడదని 2000లో అమెరికాలో ఒక చట్టం కూడా వచ్చింది. ఊరివాళ్లు చెప్పిందీ కొట్టిపారేసేది కాదు. శిఖరం లేకుండా మీ టెంపుల్స్ లేవా, హవాయిలో 1919లో కట్టారు, కెనడా కార్డ్‌స్టన్‌లో 1923లో కట్టారు, అరిజోనా మేసాలో 1927లో కట్టారు, మొన్న 2017లో తెరిచిన పారిస్ టెంపుల్‌కి కూడా శిఖరం లేదు, మరి మా దగ్గరే ఎందుకు అంత ఎత్తు అన్నారు. యూటాలో హీబర్ లోయ అని ఇంకో చోటు ఉంది, అక్కడ 210 అడుగులు అనుకున్నారు, ఆ గొడవ ఎత్తు గురించి ఎంతో రాత్రిపూట దీపాల గురించి కూడా అంతే, చుక్కలు కనపడే ఆకాశం పోతుందని.

ఇంకో సంగతి మనవాళ్లకి తెలియాలి. మోర్మన్లకి ఆదివారం ఆరాధనకి వేరే మామూలు చర్చిలు ఉంటాయి, వాటిలోకి ఎవరైనా వెళ్లొచ్చు. టెంపుల్ వేరు. ప్రతిష్ఠకి ముందు కొన్ని రోజులు ఓపెన్ హౌస్ అని అందరినీ రానిస్తారు, ప్రతిష్ఠ అయ్యాక లోపలికి వాళ్ల సభ్యులే, వాళ్లలోనూ పెద్దల దగ్గర అనుమతి చీటీ ఉన్నవాళ్లే. ఊళ్లో మిగతావాళ్లకి ఇక జన్మంతా ఆ బయటి రూపమే.

ఇది చదివితే నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. ఆవిడ చిన్నప్పుడు మావాళ్లని గుడిలోకి రానిచ్చేవాళ్లు కాదు. నరసాపురం కాలవ గట్టు మీద గడ్డిమోపు దింపి, చుట్టకుదురు అలాగే నెత్తిన ఉంచుకుని, కొబ్బరి చెట్ల మీదుగా కనపడే క్షీరారామం గోపురానికి దణ్ణం పెట్టుకునేదట. తర్వాత మా కుటుంబం దేవుని నమ్ముకుని క్రైస్తవులమయ్యాం, అయినా ఆవిడ చివరిదాకా ఆ గోపురాన్ని మా గోపురం అనే అనేది. లోపలి దేవుణ్ణి చూడనివ్వలేదు గానీ గోపురాన్ని చూడకుండా ఎవరు ఆపగలరు? లోపల ఏముంటుందో లోపలికెళ్లేవాళ్ల ఇష్టమండి, కానీ గోపురం ఎక్కువగా చూసేది బయటివాళ్లే, పొలంలో ఉన్నవాడు, రోడ్డు మీద పోయేవాడు, ఎదురింటివాడు. అందుకే దాని గురించి వాళ్లని ముందే అడగాలి. ప్లాన్ గీసేసి పర్మిషన్ కోసం వచ్చాక కాదు, గీయకముందు.

అడిగితే వింటారా అంటే మోర్మన్ల సొంత సభ్యుల విషయంలోనే రెండు రకాలుగా జరిగింది. యూటాలోని ప్రోవోలో 1972 నాటి టెంపుల్ ఉండేది, గుండ్రంగా, మధ్యలోంచి ఒక్క శిఖరం లేచి. పగలు మేఘస్తంభం రాత్రి అగ్నిస్తంభం అని నిర్గమకాండంలో చదువుతాం చూడండి, దానికి గుర్తు అని అక్కడివాళ్లు చెప్పుకునేవారట. మేం పెళ్లిళ్లు చేసుకున్న చోటు, ఆ రూపం తీయొద్దని చాలామంది బతిమాలుకున్నారు, అయినా 2024లో పడగొట్టి కొత్తది మొదలుపెట్టారు. అదే యూటాలో మాంటై అనే ఊళ్లో మాత్రం ఇంకోలా జరిగింది. 1888 నాటి టెంపుల్, లోపల మినర్వా టైకర్ట్ అనే ఆవిడ వేసిన గోడ చిత్రాలు. 2021 మార్చిలో అవి తీసేస్తామన్నారు, జనం బాధపడ్డారు, రెండు నెలలు తిరక్కుండానే నిర్ణయం మార్చి చిత్రాలు అలాగే ఉంచుతామన్నారు. అంటే విన్న రోజులూ ఉన్నాయి.

మనవాళ్ల విషయానికొస్తే, హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్‌లో అష్టలక్ష్మి గుడిలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం 2024 ఆగస్టులో ప్రతిష్ఠ చేశారు, మన గోదావరి వైపు పుట్టిన చినజీయర్ స్వామి పూనుకుని చేయించింది. దాని ముందు కొందరు క్రైస్తవులు నిరసనకి వెళ్లారని విన్నప్పుడు క్రైస్తవురాలిగా నాకు సిగ్గేసింది. ఎదుటివాడి దేవుడు తప్పు అని వెళ్లి అరవడం వేరు, నా కిటికీలో పడే నీడ గురించి మాట్లాడటం వేరు. ఫెయిర్‌వ్యూలో రెండోదే ఎక్కువ జరిగిందని నేను నమ్ముతున్నాను, మొదటిది మనసులో పెట్టుకుని రెండోది పైకి మాట్లాడినవాళ్లు కూడా కొందరు ఉండే ఉంటారు.

ఇప్పుడు మా ఊరి సంగతి. మా పాత చర్చి పెంకుల కప్పు, రెండు గుమ్మాలు, వేపచెట్టుకి కట్టిన గంట. అది తీసేసి రెండేళ్ల క్రితం స్లాబు వేసి ముందు పెద్ద టవర్ లేపాం, పైన ఎల్ఈడీ శిలువ, తెల్లారేదాకా వెలిగేది. సంఘంలో చందా ఎత్తినవాళ్లలో నేనూ ఉన్నాను, ఎదురింటివాళ్లని ఒక్క మాట అడగలేదు, అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు, అది నా తప్పే. మా నల్లమట్టి నేల బరువు మోయలేక టవర్ ఒక పక్కకి దిగి చెయ్యి పట్టేంత బీట తీసింది. అది సరే, డబ్బు పోసి బాగుచేస్తారు. కార్తీకంలో కోతల ముందు పచ్చదోమ లేస్తుంది కదా, వెలుగు ఎక్కడుంటే అక్కడికి చేరుతుంది. ఎదురింటి బాబాయి గారి భార్యకి పక్షవాతం, మంచం వరండాలోనే. ఒక రాత్రి వెళ్తే ఆయన తడిగుడ్డతో ఆవిడ మెడ మీద, కళ్ల దగ్గర పడ్డ పురుగులు తుడుస్తూ కూర్చున్నారు, దుప్పటి అంతా పచ్చగా చల్లినట్టుంది. "ఏవమ్మా, మీ దేవుడు నిద్రపోడంటారు కదా, మా ఆవిడ నిద్రపోవాలమ్మా" అన్నారు, కోపంగా కూడా కాదు. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు అని మేం పాడుకునే కీర్తన ఆయనకి రోజూ మా మైకులోంచి వినపడిందే. నాకు మాట పెగల్లేదు. మర్నాడే పెద్దలతో పోట్లాడి రాత్రి తొమ్మిదికి ఆపేసేలా స్విచ్చి పెట్టించాను.

మా పెద్దమ్మ కొడుకు రాజమండ్రిలో మోర్మన్ చర్చికి వెళ్తాడు. బెంగళూరులో వాళ్ల టెంపుల్, మన దేశంలో మొదటిది, 2018లో ప్రకటించి 2020 డిసెంబర్‌లో పని మొదలెట్టారు. ఓపెన్ హౌస్ పెట్టినప్పుడు నన్ను తీసుకెళ్తానన్నాడు, వెళ్తాను, లోపలా చూస్తాను, బయట చుట్టుపక్కల ఇళ్లవాళ్లనీ పలకరించి వస్తాను. మీ బెంగళూరు విలేకరి ఎవరైనా ఉంటే ఆ వీధివాళ్లు ఏమంటున్నారో రాయించండి.

మా చర్చి బీట బాగుచేసేటప్పుడు టవర్ సగానికి దించుదామని ఈ ఆదివారం సంఘంలో అడగబోతున్నాను. బాబాయి గారిని కూడా రమ్మన్నాను, వస్తానన్నారు.

ఇట్లు,
పాలకొల్లు దగ్గర నుంచి ఒక పాఠకురాలు